ఆరో గదిలో ఇరవై ఐదు నిమిషాలు

మ్యూజియం ఆరో గదిలో టైమర్ మోగింది.

చిన్న చప్పుడే. గదిలో గాజుపెట్టెలు తప్ప ఇంకేమీ లేకపోవడం వల్ల నాలుగు గోడలకీ తగిలి పెద్దదైంది. గుమ్మం దగ్గర కుర్చీలో కునుకు తీస్తున్న గార్డు బాబాయ్ ఉలిక్కిపడి లేచాడు. టోపీ కోసం కుర్చీ కింద వెతికి, అది తల మీదే ఉందని తెలిశాక లోపలికి పరుగెత్తాడు.

"ఎవరు బాబూ? ఏం మోగింది?"

"నా ఫోనేనండి. సారీ. అయిపోయింది."

"ఏమైపోయింది?"

"ఇరవై ఐదు నిమిషాలు."

బాబాయ్ గాజుపెట్టె వైపు చూశాడు. అద్దం పగల్లేదు. తాళం ఊడలేదు. లోపల ఏడు జతల చెక్క పాదాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అవి ఎప్పుడో ఓ చెప్పులు కుట్టే మనిషి వాడిన అచ్చులు.

"ఇరవై ఐదు నిమిషాలూ వీటినే చూశావా?"

"అవునండి."

"ఒంట్లో బాగానే ఉందా?"

గదికి అటు చివర స్తంభం పక్కన నిలబడ్డ అమ్మాయి నవ్వు ఆపుకుంది. ఆమె చేతిలో క్లిప్‌బోర్డు ఉంది. మెడలో తాడుకి స్టాప్‌వాచ్ వేలాడుతోంది. అది కూడా ఇరవై ఐదే చూపిస్తోంది. పాడైందేమోనని ఆమె దాన్ని అరచేతిలో రెండుసార్లు తట్టింది. పాడవలేదు.

ఆమె అక్కడ ట్రైనీ. మూడు నెలలకి తీసుకున్నారు. పని చెబితే ఎవరూ నమ్మేవాళ్ళు కారు. మ్యూజియం చూడటానికి వచ్చినవాళ్ళని వాళ్ళకి తెలియకుండా చూడటమే ఆమె పని. గది ప్లాన్ అచ్చు వేసిన షీటు ఒకటి ఉంటుంది. మనిషి నడిచిన దారిని దాని మీద పెన్సిల్‌తో గీయాలి. ఆగిన చోట సున్నా చుట్టి పక్కన ఎంతసేపు ఆగారో రాయాలి. రోజుకో గది. బుధవారం ఆరో గది. రోజుకి పదిహేను షీట్లు.

చేరిన రోజే పెద్ద మేడమ్ మూడు నియమాలు చెప్పింది. చూస్తున్నట్టు తెలియకూడదు. మాట్లాడకూడదు. ఇదివరకు వచ్చిన మనిషి మళ్ళీ వస్తే షీటు మూలన ఇంటూ మార్కు పెట్టి వదిలేసి ఇంకొకరిని చూసుకోవాలి.

"ఒక మనిషిని ఒక్కసారే లెక్కపెట్టాలమ్మా. రెండోసారి లెక్కపెడితే అది లెక్క కాదు, అబద్ధం," అంది పెద్ద మేడమ్.

ట్రైనీ తల ఊపింది. అంత తేలికైన నియమాన్ని ఎవరు తప్పుతారు అనుకుంది.

ఆరో గదిలో చేతిపనుల పనిముట్లు ఉంటాయి. చాలామంది అటు వెళ్ళేది వాష్‌రూమ్‌కి అదే దగ్గరి దారి కావడం వల్ల. అక్కడ మనిషి సగటున ఆగేది పదకొండు సెకన్లు. అది ఒక్క నిమిషమైనా దాటకపోతే కమిటీ ఆ గదిని మూసేసి కీచెయిన్లు అమ్మే కొట్టు పెడుతుంది. మూడు నెలలయ్యాక ట్రైనీని ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా ఆమె రాసే రిపోర్టు చూసే తేలుస్తారు. ఉంచుకోకపోతే దిగుల్లేదని వాళ్ళ మామయ్య అప్పుడే తన ఇన్సూరెన్స్ ఆఫీసులో కిటికీ పక్కన ఓ కుర్చీ చూసి పెట్టాడు. దిగులు అంతా ఆ కుర్చీ గురించే.

అలాంటి గదిలో ఒకడు ఇరవై ఐదు నిమిషాలు నిలబడ్డాడు. ఆమె షీటు మీద ఒకే ఒక్క గీత గీసి, ఒకే ఒక్క సున్నా చుట్టింది. పక్కన 25 అని రాసి, ఎవరూ నమ్మరేమోనని కింద ఇంకో గీత గీసింది.

మరుసటి బుధవారం మూడింటికి అతను మళ్ళీ వచ్చాడు. అదే పెట్టె, అదే టైమర్. ఈసారి మెల్లగా మోగేలా పెట్టుకున్నాడు.

షీటు మూలన ఇంటూ పెట్టాలి. ఆమె పెన్సిల్ మూల దాకా తీసుకెళ్ళింది కూడా. ఇంటూ పెడితే వదిలేయాలి. వదిలేస్తే వాష్‌రూమ్‌కి వెళ్ళేవాళ్ళని చూసుకోవాలి.

పెన్సిల్ మూల దగ్గర కాసేపు ఆగి, ప్లాన్‌లో గుమ్మం దగ్గరికి జరిగి, అక్కడి నుంచి కొత్త గీత మొదలుపెట్టింది. 'పురుషుడు, ఇరవై నుంచి పాతిక మధ్య, ఒంటరిగా' అని రాసింది. ఆ వయసు వాళ్ళు లోకంలో చాలామంది ఉంటారని సర్ది చెప్పుకుంది.

మూడో బుధవారం వాన. మ్యూజియం మెట్ల మీద రేకుల చూరు కింద ఆమె గొడుగు తెరుస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"మీదెన్ని నిమిషాలండీ?"

ఆమె గొడుగు సగంలో ఆగిపోయింది.

"ఏంటి?"

"మీ టైమర్. నాది ఇరవై ఐదు. మీరు స్తంభం దగ్గర చేస్తారు కదా, ప్రతి బుధవారం. చూస్తున్నాను."

చూస్తున్నాడట. మొదటి నియమం అక్కడే వానలో కొట్టుకుపోయింది. జవాబు చెబితే రెండోదీ పోతుంది. కానీ అతను అలా ఎదురుచూస్తూ నిలబడితే ఊరుకోవడం మర్యాద కాదు.

"నాదీ ఇరవై ఐదే," అంది ఆమె. అది అబద్ధం కాదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

అతని మొహం వెలిగిపోయింది. "అక్కకి చెప్పాలి! మా అక్క లిస్టు పాటించే మనిషి లోకంలో నేనొక్కణ్ణే అనుకున్నాను. మీకెలా వచ్చింది ఆ లిస్టు? ఎవరైనా పంపారా?"

"ఆఁ... ఎవరో..."

"ఎవరో ఏంటండీ, మా పిన్నే అయ్యుంటుంది. అన్నీ అందరికీ పంపేస్తుంది."

అప్పుడు తెలిసింది. అతనికో అక్క ఉంది. పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని పేషెంట్లని పిలుస్తుంది. ప్రతి ఆదివారం పొద్దున చుట్టాలందరికీ ఓ లిస్టు పంపుతుంది. అందులో మూడే మూడు సలహాలు. పని ఎలా చేసుకోవాలో ఒకటి, చూడాల్సిన చోటు ఒకటి, ఉద్యోగాల గురించి ఒకటి.

"ఫోను దూరంగా పెట్టి ఇరవై ఐదు నిమిషాలు ఒకే పని చెయ్యి, ఐదు నిమిషాలు గాలి పీల్చుకో. మ్యూజియానికి వెళ్తే అన్నీ చూడకు, ఒక్కటే చూడు. నేను రెండూ కలిపేశాను. టైం కలిసొస్తుందని."

"మీ అక్కగారు బాగా మ్యూజియాలు చూస్తారా?"

"ఒక్కసారే వెళ్ళింది. మూడో క్లాసులో. లంచ్ బాక్స్ తిని వచ్చేసింది."

"మరి ఆ ఇరవై ఐదు నిమిషాలు?"

"తనకి కుదరదు. ఫోను మోగుతూనే ఉంటుంది కదా."

"ఉద్యోగం సలహా?"

"అదొక్కటీ అనుభవంతోనే చెబుతుంది. నాలుగు మానేసింది."

ఆమె నవ్వేసింది. వాన తగ్గింది. తగ్గిన సంగతి ఇద్దరూ ఒకేసారి చూసి, ఇద్దరూ చూడనట్టు నిలబడ్డారు.

ఆ సాయంత్రం ఆమె మూడో కొత్త షీటు కట్టలో పెట్టింది. అతని పేరు అడగలేదు. షీట్ల మీద పేర్లు ఉండవు. మనసులో మాత్రం 'ఇరవై ఐదు' అని పిలుచుకుంది. అతను ఆమెని 'స్టాప్‌వాచ్ గారూ' అనేవాడు.

అతను సర్వే ఆఫీసులో ప్లాన్లు గీస్తాడు. వేరేవాళ్ళు కొలిచి తెచ్చిన అంకెలతో స్థలాలూ రోడ్లూ గీయడం. బుధవారం మధ్యాహ్నం సెలవు. ప్రతి వారం అక్క లిస్టు ఓ కాగితం మీద రాసి తెచ్చేవాడు. అయిదో వారం లిస్టులో మూడో సలహా ఇలా ఉంది: మధ్యాహ్నం మూడింటికి నువ్వు ఎన్నిసార్లు గడియారం చూస్తున్నావో చూసుకో. ఎక్కువసార్లు చూస్తుంటే ఆ ఉద్యోగం నీది కాదు.

ఆమె అది చదివి మెడలో స్టాప్‌వాచ్‌ని చున్నీ కింద దాచేసింది. గడియారం చూడటమే ఉద్యోగమైతే ఏం చెయ్యాలో లిస్టులో లేదు.

"మీరు మీ పనేంటో ఎప్పుడూ చెప్పరు," అన్నాడతను.

"మా మామయ్య ఇన్సూరెన్స్ ఆఫీసులో చూశాడు. వచ్చే నెలాఖరుకి చెప్పాలి."

"మీకు ఇష్టమేనా?"

"కిటికీ పక్కన కుర్చీ అట."

"నేనడిగింది కిటికీకి కాదండీ, మీకు."

ఆమె చున్నీ సర్దుకుంది. అతను రెట్టించలేదు. "ఒకటి చూపిస్తా రండి," అని పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మూడో జత. ఎడమ అచ్చు. బొటనవేలి పక్కన చూడండి."

చూసింది. చెక్క మీద చిన్న తోలు ముక్క అతికించి ఉంది. దాని మీద ఇంకోటి. దాని మీద మరోటి.

"ఆ మనిషి పాదం మారుతూ వచ్చింది. మారినప్పుడల్లా కొత్త అచ్చు చెక్కలేదు. ఉన్నదానికే ఓ తోలు ముక్క అతికించాడు. చూశారా, కింది ముక్క నల్లబడింది, పై ముక్క కొత్తగా ఉంది. అంటే ఎన్నో ఏళ్ళు. ఒకే మనిషి, ఒకే కొట్టుకి, మళ్ళీ మళ్ళీ."

నెలరోజులుగా ఆమె ఆ గదిలో ఉంటోంది. మనుషుల్నే చూసింది. పెట్టెలో ఏముందో ఎన్నడూ చూడలేదు. పక్కనున్న అట్ట మీద 'చెక్క అచ్చులు, ఏడు జతలు' అని మాత్రమే ఉంది.

"మీకిది ఎన్నో వారం కనబడింది?" అంది.

"రెండో వారం. మొదటి వారం అంతా నా మొహమే కనబడింది అద్దంలో."

ఆ వారం నుంచి అతను పెట్టె దగ్గర కాసేపు నిలబడి, స్తంభానికి ఇటువైపు వచ్చి ఆనుకునేవాడు. ఆమె అటువైపు. మాట్లాడుకునేవాళ్ళు కాదు, టైమర్ నడుస్తుంటే మాట్లాడకూడదని లిస్టులో ఉంది. అతను స్తంభం దగ్గర ఎంతసేపు ఉన్నాడో ఆమె శ్రద్ధగా సున్నా చుట్టి రాసింది. అంతకంటే ఏమీ ఆలోచించలేదు. అంకె తప్పు పోకూడదన్నదే ధ్యాస.

గార్డు బాబాయ్ ఓసారి ఉండబట్టలేక అన్నాడు. "అమ్మాయ్, నువ్వు గీసే గీతలు నాకు తెలీవు. కానీ ఆ బాబు ఈమధ్య చెప్పులు చూడట్లేదు."

"చెప్పులు కాదు బాబాయ్, అచ్చులు."

"అవీ చూడట్లేదు."

ఎనిమిది బుధవారాలు అయ్యాయి. నూట ఇరవై షీట్లు. ఆమె సగటు కట్టింది. పదకొండు సెకన్లు ఉండాల్సిన చోట నిమిషం యాభై సెకన్లు వచ్చింది. మళ్ళీ కట్టింది. అంతే వచ్చింది. అందులో నూట పన్నెండు మంది వాటా ఎంతో, ఒక్కడి వాటా ఎంతో ఆమెకి కాగితం లేకుండానే తెలుసు.

మంగళవారం పెద్ద మేడమ్ రిపోర్టు మొదటి పేజీ చదివి కళ్ళజోడు సర్దుకుంది. "నిమిషం యాభై! ఆరో గదా? నేనే ఆ గదిలో అంతసేపు ఎప్పుడూ నిలబడలేదు. శుక్రవారం కమిటీకి పెడతా. షీట్లు అక్కడ పెట్టి వెళ్ళు, తీరిగ్గా చూస్తా. బాగా చేశావమ్మా."

ట్రైనీ షీట్లు బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఇంట్లో అమ్మకి సంగతి చెప్పింది. అమ్మ మామయ్యకి ఫోన్ చేసి, "మా పిల్లని మేడమ్ మెచ్చుకుందటరా," అని గట్టిగా చెప్పింది. మామయ్య అమ్మకంటే గట్టిగా సంతోషించాడు. ఆ సంతోషం పక్కగదిలో ఉన్న ఆమెకి బాగా వినిపించింది. అన్నం సగంలో లేచిపోయింది.

బుధవారం పొద్దున్నే పెద్ద మేడమ్ గది ముందు నిలబడింది.

"మేడమ్, ఎనిమిది షీట్లు తీసేయాలి."

"ఎందుకు?"

"ఎనిమిదీ ఒకే మనిషివి."

పెద్ద మేడమ్ పెన్ను కింద పెట్టింది. కట్ట విప్పి, ఆమె చూపించిన ఎనిమిదీ తీసి, బల్ల మీద వరుసగా పరిచింది.

"మొదటిసారి సరే. రెండోసారి గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టాను మేడమ్."

"మరి ఇంటూ ఎందుకు పెట్టలేదు?"

ఆమె బల్ల అంచు వైపు చూసింది. అక్కడ టీ కప్పు పెట్టిన గుండ్రటి మరక ఉంది.

"ఇంటూ పెడితే... ఇంక చూడకూడదు కదా మేడమ్."

పెద్ద మేడమ్ షీట్ల మీదకి వంగింది. మొదటి షీటు నుంచి ఎనిమిదో దాకా వేలితో దాటుకుంటూ వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నాలుగో వారం దాకా పెట్టె దగ్గరే ఇరవై ఐదు. అయిదో వారం నుంచి పెట్టె దగ్గర తగ్గుతూ వస్తోంది. ఎనిమిదో వారం పెట్టె దగ్గర తొమ్మిది, ఇక్కడ పదహారు. ఇక్కడ ఏ వస్తువు ఉంది?"

"ఏమీ లేదు మేడమ్. స్తంభం."

"స్తంభం దగ్గర పదహారు నిమిషాలా? ఏముంది అక్కడ చూడటానికి?"

"అక్కడ... నేను నిలబడతాను మేడమ్."

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసింది.

"ఇవి గీసింది నువ్వేగా?"

"నేనే."

"గీస్తూ చూసుకోలేదూ?"

"టైం చూశాను మేడమ్. దారి చూడలేదు."

పెద్ద మేడమ్ కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి ఇటు తిరిగినప్పుడు మొహం మామూలుగానే ఉంది. "ఎనిమిదీ రద్దు. కమిటీకి పదకొండు సెకన్లే వెళ్తుంది. గది సంగతీ నీ సంగతీ వాళ్ళే చూసుకుంటారు. నేను సాయం చెయ్యలేను. ఇంకేమైనా చెప్పేది ఉందా?"

ఉందని ఆమెకి అప్పటి దాకా తెలియదు.

"ఆ మనిషి ఆగాడు, మిగతావాళ్ళు ఆగలేదు. కూర్చోవడానికి ఏమీ లేదు మేడమ్, స్తంభం తప్ప. అట్ట మీద ఏడు జతలు అని రాశాం. ఏం చూడాలో రాయలేదు. మూడో జత ఎడమ అచ్చు చూడండి అని రాస్తే..."

"అక్కడేముంది?"

"వెళ్ళి చూడండి మేడమ్."

అన్నాక నాలుక కరుచుకుంది. పెద్ద మేడమ్ మాత్రం లేచి నిజంగానే వెళ్ళింది. పావుగంట దాకా తిరిగి రాలేదు. ఆ పావుగంటని షీటు మీద రాసినవాళ్ళెవరూ లేరు.

మూడింటికి అతను వచ్చాడు. తడిసిన గొడుగు గుమ్మం దగ్గర పెట్టి, జేబులోంచి మడత పెట్టిన లిస్టు తీస్తూ, "అక్క మీకోసం ప్రత్యేకంగా..." అని మొదలుపెట్టాడు.

"నేను మీ అక్క లిస్టు పాటించలేదు," అంది ఆమె. ఆగితే మళ్ళీ చెప్పలేనని అంతా ఒక్కసారే చెప్పేసింది. ట్రైనీ అని, షీట్లు అని, ఎనిమిది అని, రద్దు అని. చెప్పి, ఎనిమిది షీట్ల కట్ట అతని చేతిలో పెట్టింది. "ఇవి మ్యూజియానికి పనికిరావు. మీవే."

అతను కట్ట వైపు చూడలేదు.

"అంటే మెట్ల మీద మాటలు కూడా షీట్లో రాశారా?"

"లేదు. అది గది బయట."

"మరి నేనేంటి? విజిటరా?"

ఆమె క్లిప్‌బోర్డుని వెనక్కి దాచుకుంది. అతను కట్ట సంచిలో పెట్టుకుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. లిస్టు ఇవ్వలేదు. గార్డు బాబాయ్ కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

శుక్రవారం కమిటీ కూర్చుంది. గది మూసేయాలని సగంమంది, ఆగాలని సగంమంది. చివరికి పెద్ద మేడమ్ మాట నెగ్గింది. ఆరో గదిలో ఒక బెంచీ వేస్తారు, అట్ట మారుస్తారు. ఇంకో మూడు నెలలు కొలిచి చూస్తారు. కొలవడానికి ట్రైనీకి ఇంకో మూడు నెలలు. ఆ తర్వాత ఏంటన్నది ఎవరూ రాసివ్వలేదు.

మరుసటి బుధవారం అతను రాలేదు. మూడున్నర దాకా ఆమె గుమ్మం వైపు చూసింది. నాలుగింటికి చూడటం మానేసి పదిహేను షీట్లూ పూర్తి చేసింది. అందులో ఒక్కటీ తప్పుది లేదు.

అది నెలాఖరు. ఇంటికి వెళ్ళగానే మామయ్యకి తనే ఫోన్ చేసింది.

"మామయ్యా, ఆ కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేయండి."

"అదేంటే! మూడు నెలలేగా అక్కడ? ఆ తర్వాత?"

"తెలీదు మామయ్యా."

"తెలీదా! ఎవరు ఎంతసేపు నిలబడ్డారో రాసేదీ ఒక ఉద్యోగమేనా? మా ఆఫీసుకి రా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నిలబడే ఉంటారు. రాసుకో ఎంత కావాలంటే అంత."

ఆమెకి నవ్వొచ్చింది. "వాళ్ళు కూర్చోడానికి లేక నిలబడతారు మామయ్యా. నాకు కావాల్సింది ఆగేవాళ్ళు."

మామయ్యకి అర్థం కాలేదు. కానీ ఆ పిల్ల అంత పొడుగు మాట తనతో అనడం అదే మొదటిసారి. అందుకని ఆలోచనలో పడ్డాడు. "సరే. కిటికీ మాత్రం మంచి కిటికీ. ఆలోచించుకో," అని పెట్టేశాడు. ఆమె ఆలోచించుకోలేదు. ఆ పని అయిపోయింది. అతను వస్తాడా రాడా అన్నది వేరే సంగతి, ఈ ఫోనుకీ దానికీ ముడి పెట్టకూడదని గట్టిగా అనుకుని, ఆ రోజు అన్నం పూర్తిగా తింది.

ఆ పై బుధవారం మళ్ళీ వాన.

ఆరో గదిలో కొత్త బెంచీ వచ్చింది. పెట్టె పక్కన అట్ట మీద 'మూడో జత, ఎడమ అచ్చు, బొటనవేలి పక్కన చూడండి' అని ఉంది. ఒక పెద్దాయన మనవరాలికి అద్దంలోంచి ముక్కలు లెక్కపెట్టి చూపిస్తున్నాడు. నాలుగు నిమిషాల పది సెకన్లు. ఆమె జాగ్రత్తగా రాసుకుంది.

తలెత్తేసరికి బెంచీ మీద అతను కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద షీట్ల కట్ట.

"పోయిన వారం నన్ను కూడా కొలతలకి ఫీల్డుకి పంపారు," అన్నాడు. "ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. ఎనిమిది షీట్లున్నాయి, ఒక్కదాని మీదా నంబరు లేదు."

ఆమె క్లిప్‌బోర్డు కిందికి దించింది.

"కోపమొచ్చింది. బస్సులో కట్ట తీశాను, చింపేద్దామని. మొదటి షీటు చూడగానే ఇంకా కోపమొచ్చింది. ఇదేం ప్లానండీ? ఉత్తరం ఎటో గుర్తే లేదు! మా ఆఫీసులో ఇలా గీస్తే బయటికి పంపించేస్తారు." ఎనిమిది షీట్ల మీదా మూలన ఎర్ర పెన్నుతో చిన్న బాణం గీసి ఉంది. "దిద్దుతూ కూర్చున్నా. దిద్దుతుంటే తప్పు దొరికింది."

"ఏం తప్పు?"

ఎనిమిదో షీటు తీసి, స్తంభం పక్కన ఆమె చుట్టిన సున్నా మీద వేలు పెట్టాడు. "పదహారు అని రాశారు. పదిహేడు."

"లేదు. నేను స్టాప్‌వాచ్..."

"నేనూ టైమర్ పెట్టుకున్నానండీ. ఇటు వచ్చిన దగ్గర్నుంచి వేరేగా." అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు. "అయిదో వారం నుంచీ పెట్టుకుంటున్నా. వారానికి మూడు నాలుగు నిమిషాలు పెంచుకుంటూ వచ్చా. మీకు తెలుస్తుందేమోనని చూశా. మీరు చక్కగా రాసుకుని ఊరుకున్నారు."

ఆమెకి ఎటు చూడాలో తెలియలేదు. ఆ గదిలో చూడటానికి ఒక్కటే ఉందని తనే రాయించింది కనక మూడో జత ఎడమ అచ్చు వైపు చూసింది.

"ఆ ఒక్క నిమిషం ఎక్కడ పోయిందో నాకు తెలుసు," అంది. "అప్పుడు స్టాప్‌వాచ్ నొక్కడం మర్చిపోయా."

"ఎందుకు?"

"మీరు ఇటు తిరిగారు."

గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది. బాబాయ్ నిద్రపోవట్లేదు.

అతను జేబులోంచి లిస్టు తీసి బెంచీ మీద ఆమె వైపు జరిపాడు. "అక్కకి అంతా చెప్పా. లిస్టు పాటించే రెండో మనిషి లేదని బాధపడుతుందనుకున్నా. ఈ ఆదివారం ఇది పంపింది. చుట్టాలెవరికీ కాదు, నాకొక్కడికే."

ఆమె చదివింది.

ఒకటి, పని: ఇరవై ఐదు నిమిషాలు చాలకపోతే ఇంకా తీసుకో. ఎవరూ కొట్టరు.

రెండు, చూడాల్సిన చోటు: అదే మ్యూజియం. ఈసారి నేనూ వస్తా. లంచ్ బాక్స్ తెస్తా. ఆ అమ్మాయికి కూడా.

మూడు, ఉద్యోగం: తన పని వదులుకోవద్దని చెప్పు. నాలుగు వదిలినదాన్ని, నాకు తెలుసు. తను చేసిన తప్పు తనే వెళ్ళి చెప్పుకుందంటే ఆ పని తనకి ఇష్టం. నీ మీద ఇష్టం సంగతి నువ్వే అడుగు, అన్నీ నేను రాయలేను.

ఆమె కాగితాన్ని మడతల వెంటే మళ్ళీ మడిచింది. క్లిప్‌బోర్డు మీద కొత్త షీటు పెట్టింది. అతను కంగారుగా చూశాడు.

"మళ్ళీ కొత్తదా? మళ్ళీ రద్దు చేస్తారు!"

ఆమె షీటు మూలన పెన్సిల్ ఆనించి, ఒక ఏటవాలు గీత, దాని మీదుగా ఇంకోటి గీసింది. తొమ్మిది వారాల కిందట పెట్టాల్సిన ఇంటూ మార్కు.

"తప్పా?" అన్నాడతను.

"కాదు. మళ్ళీ వచ్చే మనిషి అని గుర్తు."

"అంటే?"

"ఇంక మీ టైం చూడక్కర్లేదని."

స్టాప్‌వాచ్ తాడు మెడలోంచి తీసి క్లిప్‌బోర్డుకి చుట్టి బెంచీ చివర పెట్టింది. ఆ పక్కనే కూర్చుంది. బయట వాన పెరిగింది. పెద్దాయన మనవరాలు ఇంకా ముక్కలు లెక్కపెడుతూనే ఉంది.

చాలాసేపయ్యాక గార్డు బాబాయ్ గుమ్మంలోంచి తల పెట్టి చూశాడు.

"ఏం బాబూ, ఇవాళ మోగలేదేం?"

"పెట్టలేదు బాబాయ్," అన్నాడతను.